కలం ఎవరి చేతిలో ఉండాలి?

వాక్యభాగాలు: అపొస్తలుల కార్యములు 18:24–28, గలతీయులకు 6:2–5, 2 తిమోతికి 2:2



నేను ఉద్యోగరీత్యా ఖమీస్ ముషైత్‌లో ఉంటున్నాను. సౌదీ అరేబియా నైరుతి మూలన, అసీర్ కొండల మీద ఉన్న ఊరు ఇది. ఇక్కడ కొన్ని తెలుగు కుటుంబాలం ఇళ్ళలో కూడుకుంటాం. అంతకు మించి వివరాలు, పేర్లు ఎందుకు రాయడం లేదో గల్ఫ్‌లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. నేను రాయాలనుకున్నది మా పిల్లల విషయం, ముఖ్యంగా నేను చేసిన ఒక పొరపాటు విషయం.

గత ఏడాది మా పిల్లల కూడికకు పన్నెండేళ్ళ పాప ఒకతె సాక్ష్యం రాసుకొచ్చింది. రూళ్ళ కాగితం మీద పెన్సిలుతో సగం పేజీ. వాళ్ళ నాన్నకు ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చిన రాత్రి గురించి. ఒత్తులు, దీర్ఘాలు చాలాచోట్ల తప్పాయి. అందులో రెండు వాక్యాలు నాకిప్పటికీ గుర్తున్నాయి: "ఆ రాత్రి నేను ప్రార్థన చేయలేదు. అమ్మ చేస్తుంటే చున్నీ పట్టుకొని పడుకున్నాను."

ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి, దిద్ది, టైపు చేసి, ప్రింటు తీసి ఇచ్చాను. ఆ రెండు వాక్యాల చోట, మేమందరం కన్నీటితో ప్రభువు పాదాల చెంత మొరపెట్టామని రాశాను. పాప ఎక్కడా తడబడకుండా చదివింది. అందరూ ఆమేన్ అన్నారు. భోజనాల దగ్గర నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది: "అంకుల్, మేమందరం మొరపెట్టామని ఉంది కదా. నేను పెట్టలేదు. అందరి ముందూ అబద్ధం చెప్పినట్టు కాదా?"

నా దగ్గర జవాబు లేదు. తప్పులు దిద్దబోయి, ఆ బిడ్డ సాక్ష్యంలోని సత్యాన్నే కొట్టేశాను.

తర్వాతి వారం పాపకు క్షమాపణ చెప్పాను. ఆ రోజు నుంచి మా సహవాసంలో ఒక పని మొదలైంది. పిల్లల రాతలను పెద్దవాళ్ళం దిద్దడం మానేసి, పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, చిన్నవాళ్ళు రాసుకునేటప్పుడు పక్కన కూర్చోబెడుతున్నాం. అమెరికా కాలేజీల్లో వీరిని రైటింగ్ ట్యూటర్లు అంటారు. మా పిల్లలు అన్న, అక్క అంటారు. ఈ పని వాక్యానుసారంగా ఎలా చేయాలో ధ్యానిద్దాం.

1. అకుల, ప్రిస్కిల్ల ఏం చేశారు?

అపొల్లో అలెక్సంద్రియ వాడు. విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. యేసును గూర్చి ఉత్సాహంగా బోధించాడు. కానీ అతనికి తెలిసింది యోహాను బాప్తిస్మం వరకే. ఎఫెసు సమాజమందిరంలో అతని మాటలు విన్నవారిలో అకుల, ప్రిస్కిల్ల ఉన్నారు. వారు ప్రసంగీకులు కారు. డేరాలు కుట్టే వృత్తివారు. మనలాగే పనికోసం ఊళ్ళు మారినవారు.

వారు చేసిన నాలుగు సంగతులు గమనించండి. మొదటిది, విన్నారు. మధ్యలో ఆపలేదు, పూర్తిగా విన్నారు. రెండవది, అతన్ని తమ దగ్గర చేర్చుకున్నారు. నలుగురిలో తప్పు పట్టలేదు. మూడవది, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరిచారు. అంటే అతనికి తెలిసినదాన్ని కొట్టివేయలేదు. ఉన్నదాని మీదే కట్టారు. నాలుగవది మనం తరచుగా చూడకుండా దాటిపోతాం. ఆ తర్వాత అకాయకు వెళ్ళి మాట్లాడింది అపొల్లోయే. అతని బదులు వీరు వెళ్ళి మాట్లాడలేదు. అతని ప్రసంగం అతనిదిగానే మిగిలింది, మునుపటికన్నా మంచిదయింది.

ఆ పాప విషయంలో నేను మొదటి మెట్టు దగ్గరే తప్పాను. ఆమెను అడగనేలేదు. కాగితం పట్టుకుపోయాను.

2. భారము, బరువు

గలతీ పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు మొదట ఒకరి భారాలు ఒకరు భరించాలంటాడు. మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. ఇది పరస్పర విరుద్ధం కాదా అని కొందరు అడుగుతారు. గ్రీకులో ఇవి రెండు వేరు పదాలు. మొదటిది బారోస్, మనిషిని కుంగదీసే భారం. రెండవది ఫోర్టియోన్, ప్రతి ప్రయాణికుడూ తన భుజాన వేసుకోవలసిన మూట. మన తెలుగు బైబిల్లో కూడా ఒకచోట భారము, ఇంకోచోట బరువు అని వేరుగానే ఉంది.

రాయడంలో ఈ రెండూ ఉంటాయి. భయం, సిగ్గు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం, నా తెలుగు బాగోదన్న దిగులు. ఇవి భారాలు. పక్కన ఒకరు కూర్చుంటే తేలికవుతాయి. కానీ ఏం జరిగింది, నాకేమనిపించింది, దాన్ని ఏ మాటతో చెప్పాలి అన్నది ఆ బిడ్డ మూట. దాన్ని మనం అందుకుంటే సాయం చేసినట్టు కనిపిస్తుంది కానీ, ఆ బిడ్డకు మిగిలేది ఏమీ ఉండదు.

మరి ఇంకా రాయడం రాని చిన్నపిల్లల సంగతి? వారికి బారూకు మాదిరి ఉంది. యిర్మీయా 36వ అధ్యాయంలో అధికారులు ఈ మాటలన్నీ ఎలా రాశావని బారూకును అడుగుతారు. యిర్మీయా నోటితో చెబుతుంటే నేను సిరాతో రాశానని అతడు జవాబిస్తాడు. తనవి ఏమీ కలపలేదు. రోమా పత్రికను రాసిపెట్టిన తెర్తియు కూడా చివర్లో తన పేరుతో ఒక్క వందనం చెప్పుకుంటాడు, అది తనదని చెప్పి మరీ. ఏడేళ్ళ పిల్లవాడు నోటితో చెబితే అక్క రాసిపెట్టవచ్చు. చేయి అక్కది కావచ్చు, మాట మాత్రం వాడిదే.

3. వీధి బడి నుంచి న్యూయార్క్ దాకా

పిల్లలే పిల్లలకు నేర్పడం మనకు కొత్త కాదు. మన వీధి బడుల్లో ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. 1789లో మద్రాసు ఎగ్మోరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ పాదిరి, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలా నేర్పాలనుకున్నాడు. అక్కడి ఉపాధ్యాయులు సహకరించకపోతే, ఒక పిల్లవాడికే ఆ పని అప్పగించాడు. 1797లో ఆ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా అచ్చువేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండ్ బడుల్లోకి పాకింది. బెల్ పుట్టిన ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో మద్రాస్ కాలేజ్ అనే బడి ఇప్పటికీ ఉంది.

1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు, ఇంగ్లండ్ దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. అదే నివేదికలో ఇంకో మాట కూడా అన్నాడు. పిల్లలు ఎన్నో పద్యాలు అప్పజెబుతారు కానీ వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసట.

ఇక్కడ మనకొక హెచ్చరిక ఉంది. అక్షరాలు, ఎక్కాలు అయితే పెద్ద పిల్లవాడు చెప్పింది చిన్నవాడు తిరిగి చెబితే సరిపోతుంది. సాక్ష్యం రాయడానికి ఆ పద్ధతి పనికిరాదు. నేను ఆ పాపకు ఇచ్చిన ప్రింటు కాగితం కూడా చిలకపలుకే.

ఈ తేడాను బాగా పట్టుకున్నది న్యూయార్క్ వారు. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, నగరంలో హైస్కూలు పూర్తిచేసిన పిల్లలందరికీ తన తలుపులు తెరిచింది. రాయడంలో వెనకబడిన విద్యార్థులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఉపాధ్యాయులు సాయం చేస్తామన్నా ఆ పిల్లలు చాలామంది దగ్గరికి రాలేదు. అదీ ఇంకో తరగతిలాగే అనిపించిందేమో. బ్రూక్లిన్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే కెన్నెత్ బ్రఫీ, ఆయన సహోద్యోగులు తోటి విద్యార్థులకే తర్ఫీదు ఇచ్చి కూర్చోబెట్టారు. అప్పుడు వచ్చారు. బ్రఫీ తర్ఫీదులో ఒక క్రమం ఉంది. ట్యూటర్ కాబోయేవారు ముందు తామే వ్యాసాలు రాసి, ఒకరివి ఒకరు చదవాలి. మొదట్లో బాగుంది, బాగోలేదు అనకూడదు; ఏ పేరా ఏం చెబుతోందో, ఏం పని చేస్తోందో మాత్రమే చెప్పాలి. తీర్పు తర్వాత మెట్టు. 1984లో స్టీఫెన్ నార్త్ అనే ఇంకో అధ్యాపకుడు ఈ పని గురి ఎక్కడుండాలో తేల్చి చెప్పాడు. మెరుగుపడాల్సింది రాసేవాడు, కాగితం తర్వాత.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవారికి ఇది తెలిసిన సంగతే. కోడ్ రివ్యూలో సీనియర్ వ్యాఖ్య పెడతాడు. మార్పు చేసేది రాసినవాడే. సీనియరే అన్నీ మార్చేస్తే ఆ పూటకు పని గడుస్తుంది, జూనియర్ మాత్రం అక్కడే ఉండిపోతాడు. ఆఫీసులో రోజూ పాటించేదాన్ని పిల్లల దగ్గర మరిచిపోయాను.

4. మేము నేర్పుతున్న ఆరు పాఠాలు

వారానికి ముప్పావు గంట చొప్పున ఆరు వారాలు. మీ సహవాసానికి తగినట్టు మార్చుకోండి.

మొదటి వారం: ముందు తాను రాయాలి. సాయం చేయబోయే అన్న, అక్క తమ జీవితంలోని ఒక సంగతి ఒక పేజీ రాసి, ఇంకొకరి చేతికి ఇవ్వాలి. కాగితం ఇచ్చేటప్పుడు కలిగే బెరుకు తెలియనివారు ఇంకొకరి బెరుకు తీర్చలేరు.

రెండవ వారం: తీర్పు లేకుండా చదవాలి. ఈ పేరా ఏం చెబుతోంది, ఇక్కడ ఎందుకుంది, అంతే. బ్రఫీ నుంచి తీసుకున్న అభ్యాసం ఇది. మా పిల్లలకు అన్నింటికన్నా కష్టమైన వారం ఇదే. నోరు తెరిస్తే "ఇది తప్పు" అని వచ్చేస్తుంది.

మూడవ వారం: ప్రశ్న అడగాలి. "అప్పుడు బాధపడ్డావా?" అంటే అవును అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "అప్పుడు నువ్వు ఎక్కడున్నావు? ఏం చేశావు?" అంటే చెప్పడం మొదలుపెడతారు. అడిగాక ఆగాలి. మౌనంగా ఉన్నప్పుడు మనమే జవాబు అందించకూడదు. మనసులో పది వరకు లెక్కపెట్టమని చెబుతాం.

నాలుగవ వారం: పెద్దవి ముందు, చిన్నవి తర్వాత. మొదట భావం, తర్వాత వరుస, చివరికి అక్షరాలు. మొదటే ఒత్తులు దిద్దితే బిడ్డ ఇక రాయడు. అక్షరాల దగ్గర కూడా తప్పు ఏ వరుసలో ఉందో చెప్పి, వాళ్ళనే బయటికి చదవమనాలి. సగం తప్పులు చెవికే దొరికిపోతాయి. చెవికి దొరకనివి కొన్ని ఉంటాయి: ప్రార్థనలో థ బదులు ధ, ళ బదులు ల, ణ బదులు న. మన పిల్లలు ఫోనులో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తారు కాబట్టి ఇవి కలిసిపోతాయి. ఒకసారికి ఒకే రకం తప్పు చూపిస్తే చాలు.

ఐదవ వారం: దాచవలసినవి, దాచకూడనివి. సాక్ష్యాల్లో ఇంటి సంగతులు వస్తాయి. విన్నది వాట్సాప్‌లోకి పోకూడదు. కానీ ఎవరైనా తనను బాధపెడుతున్నారని గానీ, బ్రతకాలని లేదని గానీ ఒక బిడ్డ రాస్తే, అది దాచే సంగతి కాదు. అదే రోజు నమ్మకమైన పెద్దలకు చెప్పాలి. పదహారేళ్ళ పిల్లలు ఒంటరిగా మోయగలిగిన భారం కాదది. అందుకే పెద్దవారు చూడగలిగే చోటే, తలుపు తీసి ఉన్న గదిలోనే కూర్చోవాలి. సిద్ధాంతపరమైన ప్రశ్న వచ్చినా నాకు తెలియదు, అడిగి చెబుతాననాలి.

ఆరవ వారం: చూస్తుండగా చేయాలి. ఇద్దరు కూర్చుంటే మూడవవారు చూడాలి. తర్వాత మూడే ప్రశ్నలు. ఎవరు ఎక్కువ మాట్లాడారు? కాగితం ఎవరి ముందుంది? కలం ఎవరి చేతిలో ఉంది?

ఈ చివరి ప్రశ్నే మా నియమం. అన్న చేతిలో కలం ఉండకూడదు. కొన్నాళ్ళు మా పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకొని కూర్చునేవారు, నవ్వుకుంటూ.

5. మెషీన్ రాసి ఇస్తుంది కదా?

ఈ మధ్య పిల్లలు అడుగుతున్నారు. రెండు ముక్కలు చెబితే ఏఐ తప్పులు లేకుండా పేజీ రాసి ఇస్తుంది, ఇక ఇదంతా ఎందుకని. నేను చదివిన చదువు, చేస్తున్న పని ఆ రంగానివే. ఆ పరికరాలను రోజూ వాడతాను, వాడొద్దని చెప్పను. ఒక పదానికి అర్థం తెలుసుకోవచ్చు, అక్షరం సరిచూసుకోవచ్చు. కానీ సాక్ష్యం అంటే చూసినవాడు చెప్పేది. ఆ రాత్రి ఆ ఇంట్లో మెషీన్ లేదు. అందుకని ఇలాంటి రాత్రుల్లో జనం సాధారణంగా ఏం చెబుతారో అది రాస్తుంది. కన్నీటితో మొరపెట్టామని రాస్తుంది. నేను మెషీన్ లేకుండానే అచ్చం అదే పని చేశాను.

6. ఫైనల్ ఎగ్జిట్

ఇక ఈ పనిని పెద్దవాళ్ళమే చేయకుండా పిల్లలకు ఎందుకు నేర్పుతున్నామన్నది. మా దగ్గర ఇంతకుముందు ఒక సహోదరి పిల్లలకు తెలుగు చెప్పేవారు. చాలా బాగా చెప్పేవారు. ఆవిడ భర్తగారి ఉద్యోగం అయిపోయి, ఫైనల్ ఎగ్జిట్ మీద కుటుంబమంతా ఇండియా వెళ్ళిపోయారు. మర్నాటి వారం నుంచి క్లాసు లేదు. తప్పు ఆవిడది కాదు. అంతా ఒక్కరి మీద పెట్టుకున్న మాది. గల్ఫ్‌లో మన సహవాసాలన్నీ ఇంతే. ఎవరి వీసా ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు.

పౌలు ఇది ఎరిగినవాడే. చెరసాలలో ఉండి, తన వెళ్ళిపోయే కాలం దగ్గరపడిందని తెలిసి, తిమోతికి రెండవ పత్రిక రాశాడు. తన దగ్గర విన్నవాటిని నమ్మకమైన మనుష్యులకు అప్పగించమన్నాడు. వారు ఇతరులకు బోధించగలవారై ఉండాలన్నాడు. ఆ ఒక్క వచనంలో నాలుగు తరాలున్నాయి: పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, ఇతరులు. తిమోతికి నేర్పడంతో పౌలు ఆగలేదు. తిమోతి నేర్పినవారు కూడా నేర్పగలగాలని చూశాడు.

ఆ పాప దగ్గర మొదటిసారి కూర్చున్నది పదిహేడేళ్ళ అబ్బాయి. పాత పెన్సిలు కాగితాన్నే ముందు పెట్టించాడు. ఒకే ప్రశ్న అడిగాడు: "చున్నీ పట్టుకొని పడుకున్నావు కదా, నిద్ర పట్టిందా?" చాలాసేపటికి పాప రాసింది. తనకు నిద్ర పట్టలేదనీ, కళ్ళు మూసుకొని అమ్మ ప్రార్థన అంతా విన్నాననీ, అమ్మ ఏడవడం ఆపాక తనకూ భయం తగ్గిందనీ. అన్న చెప్పి రాయించినది అందులో ఒక్క ముక్కా లేదు. ఇంకో కూడికలో దాన్నే చదివింది, రెండుచోట్ల తడబడుతూ. ఈసారి ఆమేన్ వెంటనే రాలేదు. ముందుగా వినిపించింది వాళ్ళ అమ్మ ఏడుపు. కూతురు ఆ రాత్రి మెలకువగా ఉందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

ఆ అబ్బాయి పన్నెండో తరగతి అయిపోయి పై చదువుకు ఇండియా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఇద్దరికి తర్ఫీదు ఇచ్చాడు. క్లాసు ఆగలేదు. ఆ ఇద్దరిలో ఒకరి పక్కన ఇప్పుడు ఈ పాప కూర్చొని చూస్తోంది. ఇంకో రెండేళ్ళలో తన వంతు.

చర్చించుకోవడానికి

1. మన సహవాసంలో ఒక్కరి మీదే ఆధారపడి నడుస్తున్న పని ఏది? వారు వచ్చే నెల వెళ్ళిపోతే ఏమవుతుంది?
2. పిల్లల సాక్ష్యం, ప్రార్థన, పాటల్లో మన మాటలు వారి నోట పెట్టిన సందర్భాలున్నాయా?
3. గలతీ 6:2, 6:5 వెలుగులో, ఈ వారం మీరు ఎవరి భారం మోయాలి? ఎవరి బరువు వారికే వదలాలి?
4. అకుల, ప్రిస్కిల్ల చేసిన నాలుగింటిలో మనకు ఎక్కువ కష్టమైనది ఏది?

ప్రార్థన

ప్రభువా, మా బిడ్డల నోట నీవు ఉంచిన మాటలను మేము తుడిచివేయకుండా మమ్మల్ని కాపాడు. వినే చెవులను, ఓపికగల మౌనాన్ని మాకు దయచేయి. ఈ దేశంలో మా దినాలు కొద్దివని ఎరిగి, మేము పొందినదాన్ని నమ్మకమైన చేతులకు అప్పగించే కృపనివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.